పాడికారు

"లీటరుకి 20 ఇస్తుందండీ!" అన్నాడు పాతకార్ల బ్రోకరు. మావారు నమ్మేశారు. నాకు మాత్రం మా నాన్నగారు గుర్తొచ్చారు. గేదెను కొనేముందు, వాళ్ల దొడ్లోనే రెండు పూటలా పాలు పితికించి చూసుకునేవారాయన.

కొనబోయేది నా నవల పారితోషికంతోనూ, అమ్మ పెట్టిన గాజులమ్మిన సొమ్ముతోనూ. ఇంక మొహమాటమేమిటి? ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, ఊళ్లో 84 కిలోమీటర్లు తిప్పించి, అదే బంకులో మళ్లీ నిండా పోయించాను. 6 లీటర్లు పట్టింది. అంటే లీటరుకి 14!

"ట్రాఫిక్కు కదండీ..." నసిగాడు బ్రోకరు.

"మేం తిరిగేదీ ఆ ట్రాఫిక్కులోనేగా నాయనా!" అన్నాను. 14కి తగ్గ ధరకి దిగొచ్చాడు. కొన్నాం.

ఇప్పుడు మావారు ఇంటికొచ్చిన వాళ్లందరితోనూ గర్వంగా చెబుతున్నారు, "మా ఆవిడ పితికించి మరీ కొందండీ!" అని.