ముందు నడిచే బండి

పాత కార్ల మీది మక్కువ నాకు మా నాన్నగారి నుంచి సంక్రమించింది. ఆయన వాడిన మారుతీ 800ను నేటికీ నా చేతులతోనే తుడుచుకుంటాను. ఇటువంటి అభిరుచి గల ఎనిమిదిమంది మిత్రులం ఒక ఆదివారం సాయంత్రం, ఎవరి కారులో వారు, విశాఖపట్నం నుంచి భీమునిపట్నం దాకా సాగరతీర మార్గంలో కలసి వెళ్లాలని సంకల్పించాం. ఏర్పాట్ల భారం నేను వహించాను.

ఏర్పాట్లంటే నాకప్పుడు తెలిసినవి రెండే: ఎక్కడ కలుసుకోవాలి, ఎన్ని గంటలకు బయలుదేరాలి. కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల వద్ద నాలుగున్నరకు కలుసుకున్నాం. అందరికంటె ముందు నా బండిని నిలిపాను. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. రుషికొండ దాటగానే దారి నన్ను పిలుస్తున్నట్లనిపించింది. వేగం పెంచాను. ఎర్రమట్టి దిబ్బలను దాటి భీమిలి చేరి లెక్కపెడితే ఏడు కార్లే ఉన్నాయి.

రానిది మాస్టారి అంబాసిడర్. 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారును ఆయన కన్నబిడ్డలా సాకుతున్నారు.

వెనుదిరిగాను. తొట్లకొండ సమీపంలో రోడ్డు పక్కన, బానెట్ తెరిచి, మనుమరాలితో ఆయన నిలబడి ఉన్నారు. ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి బండి ఆగిందట. పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టి, చల్లబడే దాకా వేచి ఉన్నారు. అప్పటికే చీకటి పడుతోంది.

“రెండుమూడుసార్లు దీపాలు వెలిగించి ఆర్పాను బాబూ, మీరెవరూ చూసినట్టు లేదు” అన్నారు.

ఆ మాటలో నిష్ఠురం లేదు. అందుకే అది నన్ను మరింత బాధించింది. ముందున్న దారినే చూస్తూ వచ్చిన నేను ఒక్కసారైనా అద్దంలోకి చూడలేదు.

మరుసటి నెల మళ్లీ బయలుదేరాం. ఈసారి మాస్టారి అంబాసిడర్‌ను అందరికంటె ముందు నిలిపాను. ముందువాడు కొద్దిగా వేగం పెంచితే, ఆ ఎడం పూడ్చుకోవడానికి చివరివాడు ప్రమాదకరంగా పరుగెత్తవలసి వస్తుంది. నెమ్మదైన బండి ముందుంటే ఆ అవసరం ఎవరికీ రాదు. ప్రతివాడూ తన వెనుక బండిని కనిపెట్టి ఉండాలనీ, అది కనిపించేదాకా మలుపు వద్ద ఆగాలనీ నియమం పెట్టుకున్నాం. తక్కిన ప్రయాణికులకు అడ్డు కాకుండా నలుగురేసి చొప్పున రెండు జట్లుగా విడిపోయాం. జాలరి పల్లెల వద్ద వేగం తగ్గించాం. దారి మన ఒక్కరిదే కాదు కదా!

“ఇది ఊరేగింపులా ఉందండీ!” అని ఒక యువమిత్రుడు విసుక్కున్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

చివరి స్థానంలో నడుస్తూ ఆనాడు మొదటిసారిగా ఏడు బండ్ల వెనుక దీపాలనూ ఒకే వరుసలో చూశాను. ముందుండి పరుగెత్తిననాడు ఆ దృశ్యం నాకు దక్కలేదు. భీమిలిలో దిగగానే మాస్టారి మనుమరాలు వేళ్లు మడిచి కార్లను లెక్కపెట్టింది.

“ఎనిమిదీ వచ్చేశాయి తాతయ్యా!” అంది.

కలసి బయలుదేరడం సులభమే. కలసి చేరుకోవడానికే ఏర్పాట్లు కావాలి.