మేనల్లుడి డ్రోను, మేనమామ పద్దు

డ్రోన్ అంటే పెళ్ళిళ్ళలో మన నెత్తిమీద తుమ్మెదలా రొద చేస్తూ ఫోటోలు తీసేదని మనందరికీ తెలుసు. దాన్ని నడిపేవాడు కింద నిలబడి తలెత్తి చూస్తుంటాడు. ఎఫ్.పి.వి. అనే పద్ధతి వేరు. డ్రోన్ ముందున్న బుల్లి కెమెరా పంపే దృశ్యం, నడిపేవాడు కళ్ళకు పెట్టుకున్న గాగుల్స్‌లో అప్పటికప్పుడు కనిపిస్తుంది. మనిషి కుర్చీలోనే ఉంటాడు, చూపు మాత్రం కొమ్మల మధ్య నుంచి దూసుకుపోతుంది. కుర్రవాళ్ళకు దీనిమీద మోజు పుట్టడంలో వింత లేదు. చిక్కల్లా ముందు ఏది కొనాలన్నదే.

మా మేనల్లుడు ఇంజనీరింగు మూడో ఏడు. సెలవుల్లో ఒక కంపెనీలో పనిచేసి తెచ్చుకున్న 30 వేల రూపాయలూ దీనికే పెడతానన్నాడు. వాడి తొలి సంపాదన. వద్దంటే మనసు నొచ్చుకుంటాడు. సరేనంటే నెల తిరక్కుండా సామానంతా అటకెక్కుతుందని మా చెల్లెలి బెంగ. “అన్నయ్యా, బ్యాంకులో ఊరందరి లెక్కలూ చూస్తావుగా, వీడిదీ చూడు” అంది. వాడు రాసుకొచ్చిన జాబితాలో మొదటిది అయిదంగుళాల రెక్కల డ్రోన్. బ్యాటరీతో కలిపి అరకిలో పైమాటే, వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. ఆ రెక్క తగిలితే వేలు తెగుతుంది.

కామర్సు చదివినవాణ్ణి కనుక కాగితం మీద రెండు గళ్ళు గీయించాను: నిలిచేవి, అరిగేవి. రేడియో, అంటే చేతిలో పట్టుకునే రిమోట్, గాగుల్స్, ఛార్జరు మొదటి గడిలోకి వచ్చాయి. డ్రోన్, రెక్కలు, బ్యాటరీలు రెండోదాంట్లోకి పోయాయి.

“డ్రోన్ అరిగేదాంట్లోనా మావయ్యా?”

“నేర్చుకునేవాడి చేతిలో అంతేరా. ఎన్నిసార్లు పడుతుందో నువ్వే చూద్దువుగాని.”

ఇల్లు కట్టుకునేవారికి మేము అప్పంతా ఒక్కసారే ఇవ్వం. పునాది లేచాక ఒక విడత, శ్లాబు పడ్డాక ఒక విడత. వాడి 30 వేలకూ అదే పద్ధతి పెట్టాను.

మొదటి విడత రేడియో ఒక్కటే. మంచిదైతే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, డ్రోన్లు మారినా అది మారదు. అయితే రేడియో ఏ పద్ధతిలో సంకేతాలు పంపుతుందో, డ్రోన్‌లోని రిసీవరు కూడా అదే పద్ధతిది కావాలి. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నది ఎక్స్‌ప్రెస్ ఎల్.ఆర్.ఎస్. ఈ రేడియోను తీగతో కంప్యూటరుకు తగిలిస్తే సిమ్యులేటర్‌లో సాధన చేయవచ్చు. ఎఫ్.పి.వి. వాళ్ళు ఇష్టపడే ‘ఆక్రో’ పద్ధతిలో డ్రోన్ తనంతట తాను సమంగా నిలబడదు. వంచి పుల్ల వదిలేస్తే ఆ వంపులోనే పోతుంది. అది చేతికి అలవడడానికి గంటల సాధన కావాలి. కంప్యూటరులో ఎన్నిసార్లు కూలినా పైసా ఖర్చు లేదు. అక్కడే విసుగు పుడితే మిగతా డబ్బు భద్రం. మావాడు నెలరోజులు వదలకుండా కూర్చున్నాడు.

రెండో విడత డ్రోన్, బ్యాటరీలు, ఛార్జరు. ‘టైనీ వూప్’ అనే రకం అరచేతిలో ఇముడుతుంది. మోటారు నుంచి మోటారుకు మూలగా 65 లేక 75 మిల్లీమీటర్లు. బ్యాటరీతో కలిపినా 30, 40 గ్రాములకు మించదు. రెక్కల చుట్టూ ప్లాస్టిక్ వలయాలుంటాయి కనుక గోడకు తగిలినా లేచి ఎగురుతుంది. ఒక్కో బ్యాటరీతో మూడు నాలుగు నిమిషాలే ఎగురుతుంది కాబట్టి నాలుగయిదు కొనాలి. ఇవి లిథియంవి. నిండా ఛార్జి చేసి రోజుల తరబడి ఉంచకూడదు, 3.8 వోల్టుల దగ్గర దాచాలి. ఎవరూ చూడకుండా ఛార్జికి పెట్టకూడదు. ఉబ్బినదాన్ని మళ్ళీ వాడకూడదు.

చివరి విడత గాగుల్స్. అనలాగ్‌వి చవక, బొమ్మ కాస్త మసక. డిజిటల్‌వి స్పష్టం, ధర ఎక్కువ. డ్రోన్‌లోని వీడియో పరికరం, గాగుల్స్ ఒకే పద్ధతివి కావాలి కనుక ఇది డ్రోన్ కొనేముందే తేల్చుకోవాలి. మేము అనలాగే అనుకున్నాం. కళ్ళజోడు ఉన్నవారికి పెట్టెలాంటి గాగుల్స్ అనుకూలం. జోడు తీయకుండానే నేనూ పెట్టుకుని చూశాను.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపువాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. అలాగని ఎక్కడపడితే అక్కడ ఎగరేయరాదు. మా బెంగళూరులోనే హెచ్.ఎ.ఎల్., జక్కూరు, యలహంక విమానాశ్రయాలున్నాయి. బయట ఎగరేసేముందు ప్రభుత్వం వారి గగనతల పటం చూసి తీరాలి. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు, విడిభాగాలను కాదు. కనుక తయారైన డ్రోన్‌ను విదేశం నుంచి తెప్పించుకోబోతే కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు.

ఇప్పుడు ఆదివారం ఉదయం మా అపార్టుమెంటు హాలు ఖాళీగా ఉన్నప్పుడు వాడు ఎగరేస్తున్నాడు. గాగుల్స్ పెట్టుకున్నవాడికి తన పక్కన ఏం జరుగుతోందో కనబడదు. ఎవరైనా పసివాడు అడ్డంగా పరుగెత్తుకొస్తే చెప్పడానికి ఒక మనిషి పక్కన ఉండాలి. డబ్బు పెట్టి కొనలేని సామాను అదొక్కటే. మీ ఇంట్లో పిల్లలు అడిగితే విడతలవారీగా కొనివ్వండి, ఆ పక్కన నిలబడే పని మాత్రం మొదటి రోజునుంచీ మీరే చేయండి.