పక్క సెల్ అంటుకోకూడదు

2022 ఏప్రిల్ 24, బెంగళూరు

నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన పోయారని బుధవారం చదివాను. ఇవాళ విజయవాడ వార్త. పడకగదిలో బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉంది. ఇంటాయన పోయాడు. పొద్దుట్నుంచి ఇంకో పని మీదికి మనసు పోలేదు.

పద్నాలుగేళ్లుగా విమానం రెక్కల బలం లెక్కగడుతున్నాను. రెక్క మీద పడే అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్లు వేసుకున్నాకే లెక్క మొదలుపెడతాం. ఏదో ఒకటి ఎప్పుడో విరుగుతుంది, విరిగినా లోపలి మనిషి ఇల్లు చేరాలి. ఈ పనిలో చేరినప్పుడు మాకు మొదట నేర్పింది ఇదే. 2013 జనవరిలో బోస్టన్ విమానాశ్రయంలో ఆగి ఉన్న బోయింగ్ 787 విమానంలో లిథియం బ్యాటరీ కాలింది. తొమ్మిది రోజులకే జపాన్‌లో ఇంకోటి పొగ వాసనతో అత్యవసరంగా దిగింది. ప్రపంచంలోని 787లన్నీ నేల మీదే ఆగిపోయాయి. వాటిని మళ్లీ ఎగరనిచ్చింది సెల్ ఇక కాలదన్న హామీతో కాదు. సెల్‌కు సెల్‌కు మధ్య అడ్డు పెంచారు. బ్యాటరీని ఉక్కు పెట్టెలో పెట్టి, పొగ నేరుగా బయటికి పోయేలా గొట్టం వేశారు.

విమానానికి దక్కిన ఆ పెట్టె పడకగదిలో నిద్రపోతున్న మనిషికి ఎందుకు దక్కలేదు?

2022 మే 8

ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీలో చేరుతున్నానని నాన్నకు చెప్పాను. "విమానాలు మానేసి స్కూటర్లా తల్లీ?" అన్నాడు. విమానాల ఇంజనీరు మా అమ్మాయని రెంటచింతల బస్టాండులో కండక్టర్లకు కూడా చెప్పుకున్న మనిషి. ఆ గొంతులో బాధ నాకు తెలిసింది. కాసేపు ఆగి, "మన వీధిలోకి మూడు బళ్లొచ్చినయ్. పెట్రోలు ఖర్చు లేదని అందరూ కొంటన్నారు. నీ చేతి మీదుగా పోయేదైతే జాగ్రత్తగా చెయ్" అన్నాడు.

జీతం తగ్గుతుంది. మా ఆయన మాత్రం "ఇంటి వాయిదా నేను చూసుకుంటాలే" అన్నారు.

2022 ఆగస్టు 7

చేరి నెలైంది. అక్కడ గ్రాము కోసం కొట్టుకునేవాళ్లం, ఇక్కడ రూపాయి కోసం. విమానంలో బోల్టు ఏ లోహపు పోతలోంచి వచ్చిందో కాగితం ఉంటుంది. ఇక్కడ సరఫరాదారు కవర్లో పోసి తెచ్చాడు. నేను కాగితం అడిగితే నా వంక వింతగా చూశాడు.

కిలో పెట్రోలులో దాదాపు పన్నెండు యూనిట్ల శక్తి ఉంటుంది. కిలో మంచి లిథియం సెల్స్‌లో పావు యూనిట్. మోటారు శక్తిని ఇంజను కంటే బాగా వాడుకుంటుంది కాబట్టి బండి నడుస్తుంది. అయినా ఆ లోటును పూడ్చాలని సెల్స్‌ను ఇరికించి పేర్చాలన్న తొందర ప్రతి డిజైన్‌లోనూ కనిపిస్తుంది. ప్రమాదమంతా ఆ ఇరుకులోనే ఉంది. ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్కదాన్ని రగిలిస్తుంది, అది ఇంకోదాన్ని.

సెల్ వరసల మధ్య అభ్రకం పలక వేద్దామన్నాను. గూడూరు అభ్రకం గనులని బళ్లో బట్టీపట్టిన అదే అభ్రకం. మంటకు అంటుకోదు, కరెంటును పోనివ్వదు. "మేడమ్, బండికి ఎంత పెరుగుతుంది?" అని అడిగారు. చెప్పాను. వచ్చే వారం చూద్దామన్నారు.

2022 సెప్టెంబరు 13

సికింద్రాబాద్. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. నిన్న రాత్రి ఎనిమిది మంది పోయారు. మెట్ల గుండా పైకి పొగ కమ్ముకుంది.

ఇవాళ మీటింగులో అభ్రకం ధర ఎవరూ అడగలేదు.

2022 నవంబరు 26, రెంటచింతల

సెలవు పెట్టి, కుదుపులు కొలిచే సెన్సర్లు బిగించిన బండి తెచ్చాను. పిడుగురాళ్ల వైపు సున్నపురాయి లారీలు తిరిగే రోడ్డు మీద రెండు రోజులు నడిపాం. ఎదురింటి కుర్రాడు వెనకాల ఇద్దర్ని ఎక్కించుకున్నాడు, కాళ్ల దగ్గర బియ్యం బస్తా వేసుకున్నాడు. సాయంత్రం బకెట్ నీళ్లతో కడిగాడు. మేము ల్యాబ్‌లో ఊహించిన వాడకం ఇందులో సగం కూడా లేదు.

రాత్రి ప్యాక్ విప్పితే సెల్స్‌ను కలిపే నికెల్ పట్టీ ఒకచోట అతుకు వదిలి ఉంది. వదిలిన అతుకులో కరెంటుకు అడ్డు పెరుగుతుంది, ఆ అడ్డే వేడవుతుంది. రెక్కల్లో వెతికిన పగులే ఇది. అక్కడ కనిపెట్టడానికి తనిఖీలున్నాయి. ఇక్కడ ప్యాక్‌ను మళ్లీ ఎవరూ విప్పరు. అందుకే మొదట్లోనే గట్టిగా చేయాలి. పట్టీకి వంపు ఇచ్చి, కుదుపును వంపే తీసుకునేలా మార్చాలి.

2023 మార్చి 30, బెంగళూరు

రేపటి నుంచి ఎలక్ట్రిక్ బళ్ల బ్యాటరీ భద్రతకు పెట్టిన ఏఐఎస్ 156 నిబంధనల రెండో దశ అమలు. ప్యాక్‌లో మార్పులు ఆ గడువు కోసమే చేశామని అనుకోను, కానీ గడువు లేకపోతే మాకు వాటికి డబ్బు వచ్చేదీ కాదు. ప్రభుత్వం చేసిన మంచి పని.

కావాలని ఒక సెల్‌ను మంటల దాకా వేడిచేశాం. ఇదే పరీక్షలో జనవరిలో మొత్తం ప్యాక్ కాలింది. ఫిబ్రవరిలో ఆరు సెల్స్ పోయాయి. ఇవాళ సెల్ బుసకొట్టి మండింది, పొగ దారి గుండా బయటికి పోయింది. పక్క సెల్ వేడి వంద డిగ్రీల లోపే ఆగిపోయింది. కుర్రవాళ్లు కేకలేశారు. నాకు కళ్లు తడిశాయి.

2023 మే 21, రెంటచింతల

నాన్న మా బండి కొన్నాడు. ఈ ఊరి ఎండ ఎలాంటిదో ఆంధ్రలో అందరికీ తెలుసు. మధ్యాహ్నం సీటు మీద చెయ్యి పెట్టలేకపోయాను. ఎండనపడి వచ్చిన బండిని గంటసేపు నీడలో చల్లారనిచ్చాకే ఛార్జింగ్ పెట్టమన్నాను. బండితో ఇచ్చిన ఛార్జర్ తప్ప వేరేది వాడొద్దన్నాను. "నువ్వు చేసిందేగా, ఇంట్లో పెడితే ఏం?" అన్నాడు. నేను చేసిందైనా సరే, పడుకునే గదిలో వద్దు, గుమ్మానికి అడ్డంగా వద్దు అన్నాను.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ వైరుతో సహా ప్లగ్ పాయింట్‌ను వాకిట్లోకి మార్చాడు. బండి ఇప్పుడు వేపచెట్టు కింద ఉంది.