రసీదు లేని జీతం

విజయవాడలో ఆ లాయరు గారి ఆఫీసుకు అక్కతో పాటు అమ్మ, నేను వెళ్లాం. ఫైలు తెరవకుండానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ‘‘ఫ్లాటు ఎవరి పేరు మీద ఉందమ్మా?’’

‘‘అల్లుడి పేరు మీదే. అయినా మా పిల్ల తొమ్మిదేళ్లు కాపురం చేసింది కదండీ. సగం రాదా?’’ అంది అమ్మ.

‘‘రాదమ్మా’’ అన్నారాయన మెల్లగా.

నిజం చెప్పొద్దూ, నేనూ సగం వస్తుందనే అనుకున్నా. విడాకులంటే ఆస్తి చెరిసగం అని ఎక్కడ విన్నానో గానీ గట్టిగా నమ్మాను. మన దగ్గర అలాంటి చట్టం లేదు. గోవాలో మాత్రం పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ ప్రకారం, పెళ్లప్పుడు వేరే ఒప్పందం రాసుకోకపోతే, ఆస్తి ఇద్దరిదీ. మిగతా చోట్ల దస్తావేజు మీద ఎవరి పేరుంటే ఇల్లు వాళ్లదే. విడాకులప్పుడు భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా వచ్చే వీలు కల్పించే బిల్లు 2013లో రాజ్యసభ దాటింది. మరుసటేడాది లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది.

మరి అక్కకు ఏముంది? లాయరు గారు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు ఇచ్చిన బంగారం, కానుకలు స్త్రీధనం. అది పూర్తిగా ఆమెదే. భర్త దగ్గర ఉన్నా ఆమె తరఫున దాచినట్టేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. భరణం అడగొచ్చు. ఉద్యోగం ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. భరణం కేసులో ఇద్దరూ జీతం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపించాలని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. కాపురం చేసిన ఇంట్లోంచి గెంటేయకుండా గృహహింస చట్టం కింద రక్షణ అడగొచ్చు. కానీ ఉండే హక్కు వేరు, సొంత హక్కు వేరు.

‘‘బంగారానికి బిల్లులున్నాయా?’’ అని అడిగారు. లేవు. ‘‘పోనీ పెళ్లి ఆల్బమ్ తెండి. ఫొటోల్లో నగలు కనిపిస్తాయి కదా.’’

ఆ రాత్రి అమ్మ ఆల్బమ్ ముందేసుకుని, ఫొటోల్లో అక్క మెడ, చేతులు చూస్తూ ఒక్కో నగా లెక్కపెట్టింది. ఫ్లాటు కొన్నప్పుడు అమ్మేసిన నాలుగు గాజుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఒకప్పుడు ఇదే ఆల్బమ్ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించి మురిసిపోయిన మనిషి.

నేను లాప్‌టాప్‌లో ఇంకో లెక్క మొదలుపెట్టా. అక్క ప్రైవేటు స్కూల్లో టీచరు. బావ జీతంలోంచి ఈఎంఐ పోయేది. అక్క జీతం పాలు, కూరగాయలు, కరెంటు, పాప ఫీజులకు పోయేది. ‘ఎవరిదైతేనేం, అంతా ఒకే ఇల్లు’ అనుకున్నారు. ఎనిమిదేళ్ల ఉద్యోగం, నెలకు సగటున 18,000 వేసినా 17 లక్షలు దాటింది. బావ కట్టిన ప్రతి రూపాయికీ బ్యాంకు స్టేట్‌మెంటు ఉంది. అక్క కొన్న టమాటాలకు ఏ రసీదు ఉంటుంది? కానీ ఆమె ఆ ఖర్చంతా పెట్టబట్టే కదా ఆయన ఈఎంఐ ఒక్క నెలా ఆగలేదు!

ఇలాంటి మాటే 2023లో మద్రాసు హైకోర్టు ఓ కేసులో అంది. ఇల్లు చూసుకున్న భార్య శ్రమ కూడా ఆస్తి కొనడంలో భాగమేనని, అందులో ఆమెకు సమాన వాటా ఉందని చెప్పింది. అయితే అది ఒక తీర్పు, చట్టం కాదు.

బావ దుర్మార్గుడేమీ కాదు. మాట్లాడుకుని, పరస్పర అంగీకారంతోనే విడిపోయారు. మిగిలిన నగలు, అక్కకు ఒకేసారి కొంత మొత్తం, పాప పేరు మీద కొంత డిపాజిట్ వచ్చాయి. అమ్మ అనుకున్న సగానికి అది చాలా దూరం. ఇప్పుడు అక్క, పాప రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నారు.

అసలు నాకు గుచ్చుకుంది ఇంకోటి. అప్పటికి నా పెళ్లై ఏడాది. హైదరాబాద్ నిజాంపేటలో ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చా, నా ఒక్కడి పేరు మీదే. లోను నా జీతంలోంచి, ఇంటి ఖర్చు నా భార్య జీతంలోంచి అని ఇద్దరం కూర్చునే ప్లాన్ వేసుకున్నాం. అందులో ఎవరికీ తప్పేం కనిపించలేదు. అక్క ఎక్సెల్ షీట్‌లో పేర్లు మారిస్తే అది మా ఇల్లే.

రిజిస్ట్రేషన్ ఇద్దరి పేర్ల మీదా చేయిద్దామంటే తను నవ్వింది. ‘‘ఏంటి, ఇప్పట్నుంచే విడాకుల ఆలోచనా?’’ మా అత్తగారు ఫోన్లో ‘‘అశుభం మాటలెందుకు బాబూ’’ అన్నారు. నాన్న అయితే రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. అక్క ఒక్కతే, ‘‘పేరు రాస్తే సరిపోదురా, వాటా ఎంతో కూడా రాయించు. ఈఎంఐ తన ఖాతాలోంచి కూడా వెళ్లేలా చూడు’’ అంది.

చెరిసగం అని రాయించాం. ఈఎంఐ రెండు ఖాతాల్లోంచి పోతోంది, పాల బిల్లు కూడా అంతే.

గృహప్రవేశానికి అక్క వచ్చింది. పాలు పొంగించాక ‘‘దస్తావేజు ఏదీ, చూపించు’’ అంది. రెండో పేరు దగ్గర వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. తిరిగి నాకివ్వలేదు, నా భార్య చేతిలో పెట్టింది.

‘‘జిరాక్సు ఒకటి తీయించి మీ అమ్మగారింట్లో పెట్టు’’ అంది.