పోయి వచ్చెదను

మన యిండ్లలో గడప దాటువాడెవ్వడును "పోయెదను" అని యనడు. "పోయి వచ్చెదను" అనును. సంతకు పోవువాడైనను, కాశికి పోవువాడైనను అంతియే. చుట్టము బయలుదేరునపుడు వీధిగుమ్మము వరకు సాగనంపి, ఆ మాట రెండుమూడుసారులు చెప్పించుకొని గాని విడువము. ఇంత మర్యాద యెరిగిన మనము మూడేండ్ల బిడ్డకు మాత్రము ఆ మాట చెప్పక, వాడు చూడని సమయము కనిపెట్టి జారిపోవుదుము. బిడ్డను తొలిసారి బడిలో దింపిన తల్లులలో ఈ పని చేయనివారు కొలదిమంది. నేను చేసితిని.

1988వ సంవత్సరము జూను నెల. మా యబ్బాయికి మూడేండ్లు నిండి నాలుగు మాసములు. అక్షరాభ్యాసము ముచ్చటగా జరిపితిమి. తండ్రి తొడపై కూర్చుండబెట్టుకొని, పళ్ళెములో బియ్యము పోసి, వ్రేలు పట్టి దిద్దించిరి. పిల్లలకు పలకలు, బలపములు పంచితిమి. నాడు వాని ముఖమున ఎంత కళ! మూడవనాడు బడికి తీసికొనిపోగా, తల్లులు లోనికి రారాదనిరి. వాడు నా కొంగు విడువడు. అచ్చటి ఉపాధ్యాయిని నా చెవిలో, "ఏదో చెప్పి తప్పుకోండమ్మా, కనబడకపోతే వాళ్ళే మానుతారు" అనెను. నేను వంగి, "బిస్కత్తులు కొని తెస్తాను, ఇక్కడే ఉండు నాన్నా" అంటిని. వాడు ఏడువలేదు. నా మాట నమ్మి కొంగు విడిచెను.

మధ్యాహ్నము నేను పోవుసరికి గుమ్మమువైపు చూచుచు గోడ నానుకొని కూర్చుండి యుండెను. "మంచివాడండీ, గంటలో ఊరుకున్నాడు" అని చెప్పిరి. నాకు సంతోషమే కలిగినది. కాని నాటినుండి వాడు నన్ను స్నానమునకైనను పోనీయలేదు. గడియ వేసిన తలుపు ముందు కూర్చుండి పిలుచుచుండెడివాడు. నిద్రలో నా కొంగు పిడికిట బిగించి యుండెడివాడు. విడదీసినచో ఉలికిపడి లేచెడివాడు. ఇట్లు నాలుగైదు నెలలు గడచినవి. మా యత్తగారు దిష్టి తీసిరి. నేను మొండితనమని యెంచి రెండు దెబ్బలు వేసితిని. ఆ బిస్కత్తుల మాట మాలో నెవ్వరికిని తోచలేదు.

చాల కాలమునకు ఇంగ్లండునకు చెందిన జాన్ బౌల్బీ యను వైద్యుని గూర్చియు, ఆయనతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ గూర్చియు చదివితిని. ఎనిమిది దినములు ఆసుపత్రిలో ఉన్న రెండేండ్ల పాపను రాబర్ట్‌సన్ చలనచిత్రముగా తీసి 1952లో చూపించెను. ఆ కాలమున అచ్చటి ఆసుపత్రులలో తల్లిదండ్రులను బిడ్డకడ నిలువనిచ్చెడివారు కారు. వారు వచ్చిపోయిన బిడ్డలు ఏడ్తురు, రానిచో ఊరకుందురు. కావున రాకుండుటయే మేలని వాదము. ఊరకుండుట వేరు, కుదుటపడుట వేరని ఆయన కనిపెట్టెను. బిడ్డ మొదట ఏడ్చి పిలుచును; పిమ్మట ఆశ వదలి స్తబ్ధమగును; ఇంకను ఎడబాటు సాగినచో, తల్లి వచ్చినను ముఖము త్రిప్పుకొనును. ఆసుపత్రిలో ఎనిమిది దినములును, బడిలో మూడు గంటలును ఒక్కటేయని నేననను. అయినను "గంటలో ఊరుకున్నాడు" అను మాట నా చెవిని మరల మ్రోగినది.

ఈ భయము పెంకెతనము కాదు. సాధారణముగా ఎనిమిదవ మాసమున మొలకెత్తును. పదవ మాసమునకును పదునెనిమిదవ మాసమునకును నడుమ మిక్కుటముగా నుండును. మూడవ యేటికి పెక్కుమందిలో తగ్గును గాని క్రొత్తచోట మరల తల యెత్తును. తనవారెవరో తెలిసిన బిడ్డకే ఈ భయము. కొంగుచాటున ముఖము దాచుకొని మరల కనబరచి పసివారిని నవ్వించు మన అవ్వలు, మాయమైనది తిరిగి వచ్చునను పాఠమునే నేర్పుచుండిరి.

క్రిందటి యేడు మనుమరాలిని బడిలో వేయవలసి వచ్చెను. హైదరాబాదులో కొడుకును కోడలును ఇరువురును ఉద్యోగులే. ముందురాత్రి భోజనము చేయుచు మా యబ్బాయి, "అమ్మా, దాన్ని నువ్వు దింపు. బిస్కత్తులు తెస్తానని మాత్రం చెప్పకు" అనెను. ముద్ద నాకు గొంతు దిగలేదు. ముప్పదియైదేండ్లు దాటినవి! మూడేండ్లనాటి సంగతి జ్ఞప్తి యుండునా యని మీరు శంకింపవచ్చును. నేనును అడిగితిని. ఆ గుమ్మమును, ఆ మాటయు మాత్రము జ్ఞాపకమనియు, తక్కినదేదియు లేదనియు చెప్పెను.

అంతకు వారము ముందునుండియే సాయంకాలములు పాపను బడివైపు నడిపించితిని. జారుడుబల్ల చూపితిని. మరుగుదొడ్డి ఎచ్చట నున్నదో చూపితిని. పెద్దలకు తోచదు గాని, పసివారికి ఇది పెద్ద బెంగ. ఆయా పేరు నేర్పితిని. తొలిదినము గదిలో ఒక మూలను కూర్చుంటిని, రెండవదినము వసారాలో. మూడవనాడు "కూరల బండిదాకా వెళ్ళొస్తాను" అని చెప్పి, నిజముగా పోయి, పావుగంటలో వంకాయల సంచి చూపితిని. పది గంటలు, పండ్రెండు గంటలు అన్న పాపకేమి తెలియును? "మీరు అన్నం తిని చేయి కడుక్కున్నాక వస్తాను" అన్న తెలియును. నా పాతచీర ముక్క యొకటి సంచిలో పెట్టితిని.

అయిదవనాడు "వెళ్ళొస్తానమ్మా" అనగానే పాప ఇల్లెగిరిపోవునట్లు ఏడ్చెను. అబద్ధమాడిననాడు కొడుకు ఏడువలేదు. నిజము చెప్పిననాడు మనుమరాలు ఏడ్చినది. మనము అబద్ధమునకు లొంగునది ఇచ్చటనే. నా కాళ్ళు కదలలేదు. ఆయా ఎత్తుకొనెను. మరల తొంగిచూచినచో ఏడుపు మొదటికి వచ్చునని వెనుదిరుగక వచ్చి గేటు వెలుపల నిలిచితిని. కొంతసేపటికి ఏడుపు ఆగినది. ఆ నిశ్శబ్దమును ఈసారి నేను నమ్మలేదు. మధ్యాహ్నము ఆయాను, తిన్నదా, మాటాడినదా, ఆడినదా యని అడిగితిని. డబ్బాలో చింతపిక్కలు పోసి గలగలలాడించినదట. అప్పుడు నమ్మితిని.

ఇదంతయు తీరిక గల నాయనమ్మకు సాగినది. తెల్లవారి కూలికి పోవు తల్లి మాటయేమి? 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమువలన అంగన్‌వాడీలు వెలసి అట్టి తల్లులకు ఆసరా యైనవి. కాని ఒక్క టీచరు, ఒక్క ఆయా ఎందరు క్రొత్త బిడ్డల నెత్తుకొనగలరు? 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడవ యేటినుండియే చదువునకు పునాదియని చెప్పుచున్నది. అట్లయిన ఆ తొలివారమును పునాదిలోనిదే. క్రొత్తపిల్లల నందరిని ఒక్కదినమున గాక నలుగురైదుగురి చొప్పున చేర్చుకొనుటకును, తల్లినో తండ్రినో కొన్నినాళ్ళు లోపల కూర్చుండనిచ్చుటకును రొక్కమేమియు అక్కరలేదు. కచేరీలును ఆ వారము తండ్రికి గంటసేపు సెలవియ్యవలెను. తల్లికని వ్రాయబోయి తండ్రికని వ్రాసితిని, కావలసియే. "అన్నం తినకపోతే బడిలో వదిలేస్తాను" అని బెదరించు ఇల్లాండ్రను గూర్చి ఏమి చెప్పుదును! నేనును వారిలోనిదాననే. వారములు గడచినను బిడ్డకు తిండియు నిదురయు కుదరనిచో మాత్రము శిశువైద్యుని చూపవలెను.

మూడవ వారమున వాన పట్టుకొని ఆటో దొరకక పావుగంట ఆలస్యముగా పోయితిని. పిల్లలందరును వెడలిపోయిరి. పాప చీరముక్కను నోట కరచుకొని గుమ్మమున నిలిచియున్నది. ఆయా ఎంత బుజ్జగించినను లోనికి పోలేదట. "ఆలస్యమైంది, తప్పు నాదే" అంటిని. మారుపలుకలేదు. ఆ రాత్రి నా కొంగు పట్టుకొనియే పండుకొన్నది.

మరునాడు మా యబ్బాయి రెండుగంటలు సెలవు పెట్టి తానే దింపి వచ్చెను. ఏమి చెప్పితివని అడిగితిని.

"వెళ్ళొస్తానన్నాను. ఏడ్చింది" అని, చెప్పులు విడువక అరుగుపై చాలసేపు కూర్చుండెను.