రిపోర్టులో ఒక్క అక్షరం

వైద్యం కోసం విజయవాడ సూర్యారావుపేటకి వచ్చే కుటుంబాల చేతిలో ఓ ప్లాస్టిక్ సంచి తప్పకుండా ఉంటుంది. గుడివాడ నుంచి వచ్చినా, అవనిగడ్డ నుంచి వచ్చినా అందులో పాత చీటీలూ రిపోర్టులే. షుగరు ఎంతుందో చెప్పే కాగితాన్ని ఇంట్లో పదో తరగతి పిల్లాడైనా చదివిపెడతాడు. ‘కల్చర్ అండ్ సెన్సిటివిటీ’ అని రాసివున్న కాగితం దగ్గరే అందరూ ఆగిపోతారు. కింద వరసగా మందుల పేర్లు. ఒక్కో పేరు ఎదురుగా ఒక్కో ఇంగ్లిషు అక్షరం... ఎస్, ఐ, ఆర్.

‘ఎస్’ అంటే ఆ మందుకి బ్యాక్టీరియా లొంగుతుంది. ‘ఐ’ అంటే అటూఇటూ కాని స్థితి. ‘ఆర్’ అంటే లొంగదు. ఒకప్పుడు చక్కగా పనిచేసిన మందుల ఎదుట ఇప్పుడు ‘ఆర్’ కనిపిస్తుండటమే వైద్యుల దిగులు. అలా మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని ‘లాన్సెట్’ పత్రిక 2022లో ప్రచురించిన అంచనా.

ప్లేటులో పందెం

ఇంతకీ ఆ అక్షరం ఎక్కణ్నుంచి వస్తుంది? మూత్రమో, చీమో, రక్తమో ల్యాబుకి చేరగానే అందులోని బ్యాక్టీరియాని ముందు పెంచాలి. సముద్రపు నాచు నుంచి తీసిన అగర్‌తో చేసిన జెల్లీయే దానికి పొలం. మనిషి ఒంటి వేడిలో ఓ రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. ఆ చుక్కల్ని ఉప్పునీళ్లలో కలిపి, దూదిపుల్లతో మరో ప్లేటు నిండా పలచగా పూస్తారు. దానిమీద మందు పట్టించిన చిన్న చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. ఒక్కోటీ 6 మిల్లీమీటర్ల వెడల్పు. మళ్లీ ఓ రాత్రి ఆగాలి.

మర్నాడు చూస్తే ప్లేటంతా బూజరగా బ్యాక్టీరియా పరుచుకుని ఉంటుంది. పనిచేసిన మందు బిళ్ల చుట్టూ మాత్రం అద్దంలాంటి ఖాళీ వలయం! పనిచేయని బిళ్లనైతే ఆనుకుని మరీ పెరుగుతుంది. ఆ వలయాన్ని స్కేలుతో కొలిచి పట్టికలో చూసి అక్షరం వేస్తారు. 1966లో అమెరికాలో బాయర్, కిర్బీ బృందం ఒక పద్ధతిలో పెట్టిన పరీక్ష ఇది. పెద్ద వలయం ఉన్న మందే గొప్పదనుకుంటే పొరపాటు. ఒక మందుకి సరిపోయే కొలత ఇంకో మందుకి చాలకపోవచ్చు. అందుకే ఏ మందు పట్టిక ఆ మందుదే. ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో యంత్రాలొచ్చి పని చురుగ్గా సాగుతున్నా, బ్యాక్టీరియా పెరిగేదాకా ఆగక తప్పదు.

మిగతా మందులేవీ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌కి ఈ బిళ్ల పరీక్ష నప్పదు. దాని అణువు పెద్దది, జెల్లీలో సరిగా పాకదు. మందుని రకరకాల పాళ్లలో పలచన చేసి, ఎంత తక్కువ మోతాదుకి బ్యాక్టీరియా ఆగిందో చూడాలి.

భీమవరం బిడ్డ బంగారు మందు

రోగికి ఏ మందివ్వాలో చెప్పే ఈ పందెమే కొత్త మందుల్నీ వెతికిపెట్టింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ల్యాబుల్లో పరిశోధనలకు సారథి. ఆయన నాయకత్వంలో ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి, అందులోని సూక్ష్మజీవులు రోగకారక బ్యాక్టీరియాని ఆపగలవేమోనని పరీక్షించారు. డెబ్భై దాటిన బెంజమిన్ డుగ్గర్‌కి 1945లో మిస్సోరీ మట్టిలో బంగారు రంగు జీవి దొరికింది. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

ఆ తర్వాతి కథే విచిత్రం. దాన్ని దాణాలో కలిపితే కోళ్లు త్వరగా బరువెక్కుతున్నాయని లెడర్లీ శాస్త్రవేత్తలే 1950లో ప్రకటించారు. జబ్బులేని కోడికీ రోజూ కాస్త మందు! చచ్చేవి చస్తే, తట్టుకున్న బ్యాక్టీరియా పిల్లల్ని కంటుంది. పైగా తట్టుకునే గుణాన్ని పక్క జాతి బ్యాక్టీరియాకీ అందిస్తుంది. చాలీచాలని మోతాదుతో ఈ ముప్పు తప్పదని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945 నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించారు. పశువులకూ కోళ్లకూ చేపలకూ కొలిస్టిన్ వాడటాన్ని కేంద్రం నిషేధించింది 2019లో.

కైకలూరు చెరువుల నుంచి దివిసీమ గుంటల దాకా చేపా రొయ్యా బతుకుతెరువైన డెల్టాకి ఇది దూరపు సంగతి కాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల ఆనవాళ్లు దొరికితే ఐరోపా దేశాలు సరుకుని తిప్పి పంపుతాయి. అందుకే ఎగుమతి రొయ్యకి ల్యాబు పరీక్ష తప్పనిసరి. చెరువు నీళ్లు చేరే కాలవకి మాత్రం అలాంటి కాపలా లేదు.

పసుపు సంగతేంటి?

ప్లేటులో పసుపు, వేప, తులసి రసాలు కూడా వలయం చూపిస్తాయి. కాలేజీ పిల్లల ప్రాజెక్టుల్లో ఇది మామూలే. ఫినాయిలు చుక్క వేసినా వలయం వస్తుంది... అలాగని తాగుతామా? మందనిపించుకోవాలంటే ఒంట్లోకి ఇంకాలి, జబ్బున్న చోటుకి చాలినంత చేరాలి, మూత్రపిండాల్నీ కాలేయాన్నీ చెడగొట్టకూడదు. పసుపులోని కర్క్యుమిన్ మొదటి మెట్టు దగ్గరే తడబడుతుంది. అది రక్తంలోకి చేరేది బహు తక్కువ. దుగ్గిరాల పసుపు కూరకి రుచే. మొండి బ్యాక్టీరియాకి మందు కావాలంటే దాటాల్సిన పరీక్షలు చాలా ఉన్నాయి.

ఆ రెండు రోజులు

చిక్కంతా కాలంతోనే. జ్వరం ఇవాళ, రిపోర్టు రెండు మూడు రోజులకి. ప్రాణం మీదికొస్తే డాక్టరు అనుభవంతో ముందే మందు మొదలుపెడతారు, రిపోర్టు వచ్చాక మార్చుకుంటారు. ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్నది ఒకటే... వీలున్నంతవరకు మొదటి మోతాదుకి ముందే శాంపిల్ ఇవ్వడం. ఊళ్లో ఆరెంపీ దగ్గర రెండు రోజులు గోలీలు మింగి వస్తే ప్లేటులో ఏమీ మొలవకపోవచ్చు. రోగం ఒంట్లోనే ఉంటుంది, కాగితం మాత్రం ఖాళీగా వస్తుంది!

కొన్ని యాంటీబయాటిక్స్‌ని చీటీ లేకుండా అమ్మకూడదన్న హెచ్1 నిబంధన 2014 నుంచే ఉంది. అట్ట మీద నిలువుగా ఎర్రగీత కనిపిస్తే అది డాక్టరు చెప్పకుండా వాడకూడని మందని గుర్తు. జలుబుకీ వైరల్ జ్వరానికీ ఆ మందులతో పనే లేదు. కిందటేడు మిగిలిన నాలుగు గోలీల్ని పిల్లలకి వేయడమూ తగదు.

ఇక ఆ కాగితం. జ్వరం తగ్గాక చాలా ఇళ్లలో అది చిత్తుబుట్టలోకి వెళుతుంది. రేషను కార్డుతో పాటు దాచాల్సిన కాగితమది. రేపు మళ్లీ జబ్బు చేస్తే, కొత్త రిపోర్టు వచ్చేలోపు డాక్టరుకి మొదటి దారి చూపించేది దానిమీది అక్షరమే.