ఓడమీది ఫోటోల పుస్తకం

పెళ్ళి ఆల్బం ఎప్పుడైనా నింపాదిగా చూశారా? పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, పురోహితుడు, బంతిలో కూచుని పులిహోర తింటున్న పెదనాన్న, అందరూ అందులో ఉంటారు. ఫోటోలు తీసినవాడు మాత్రం ఉండడు. అయినా అతను ఎక్కడ నిలుచున్నాడో, ఏది చూసి ముచ్చటపడ్డాడో ఆ ఫోటోలే చెబుతాయి.

అమెరికా నౌకాదళంలోని ఫోటోగ్రాఫర్లు కూడా ఇలాంటి ఆల్బములు తయారుచేశారు. అమెరికా రెండవ ప్రపంచయుద్ధంలోకి దిగకముందు, 1920, 1930 దశాబ్దాలలో వాళ్ళు విమానవాహక నౌకల మీద పనిచేశారు. విమానవాహక నౌక అంటే మీకు తెలుసు కదా? సముద్రంమీద తేలుతూ తిరిగే విమానాశ్రయం అన్నమాట. వాళ్ళు తీసిన ఫోటోలు ఎన్నో నేటికీ భద్రంగా ఉన్నాయి. రండి, ఆ ఫోటోల వెంట రెండు ఓడలు ఎక్కి చూద్దాం.

మొదటి ఓడ పేరు లాంగ్లీ. ఇది అందమైన ఓడ కాదు. మొదట దీని పేరు జూపిటర్. బొగ్గు మోయడం దీని పని. దానిమీద ఉక్కుస్తంభాలు నిలిపి, పందిరి వేసినట్టుగా, ఆ చివరినుంచి ఈ చివరికి చదునైన డెక్కు పరిచారు. 1922లో అది అమెరికాకు మొట్టమొదటి విమానవాహక నౌక అయింది. నావికులు దానికి "గూడుబండి" అని ముద్దుపేరు పెట్టారు. ఫోటో చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ ఓడ వెనకభాగంలో ఒక పావురాలగూడు ఉండేది! నవ్వకండి. ఆ రోజుల్లో విమానాలలో రేడియోను నమ్ముకోవడానికి లేదు. విమానం సముద్రంలో దిగవలసివస్తే, కాలికి చీటీ కట్టిన పావురం వచ్చి కబురు చెప్పాలి. లాంగ్లీని బాగుచేస్తున్నప్పుడు ఆ పావురాలు నార్‌ఫోక్ ఓడల కార్ఖానాలోనే మరిగాయి. తరువాత ఓడ బయలుదేరింది. కొద్దికొద్దిగా వదిలినంతకాలం అవి బుద్ధిగా ఓడకు తిరిగివచ్చాయి. ఒకనాడు అన్నిటినీ ఒక్కసారే వదిలారు. అవి తిన్నగా నార్‌ఫోక్ పోయి, అక్కడి క్రేన్లమీద వాలి కూచున్నాయి! ఆ తరువాత ఆ గూడు ఒక అధికారికి గది అయింది.

ఇక అసలు సంగతికి వద్దాం. లాంగ్లీ మీదినుంచి మొదటి విమానం 1922 అక్టోబరు 17న ఎగిరింది. అదే నెల 26న షెవాలియర్ అనే పైలట్, నడుస్తున్న ఆ ఓడమీద మొదటిసారిగా విమానాన్ని దింపాడు. ఎగరడంకన్నా దిగడం కష్టం. ఎందుకో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం.

విమానం గంటకు 100 కిలోమీటర్ల వేగంతో దిగుతున్నదనుకోండి. ఎదురుగాలి వేగం 20 కిలోమీటర్లు. ఓడ గాలికి ఎదురుగా తిరిగి, 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. అప్పుడు డెక్కుమీద ఉన్నవాడికి విమానం ఎంత వేగంతో వస్తున్నట్టు కనిపిస్తుంది? నూరులోంచి ఇరవై తీసెయ్యండి, ముప్ఫై తీసెయ్యండి. యాభై! అందుకే విమానాలు దిగేటప్పుడు ఓడను గాలికి ఎదురు తిప్పుతారు. కాని ఆ యాభైని ఆపడానికి కూడా చోటు చాలదు. లాంగ్లీ పొడవు 542 అడుగులే. డెక్కుకు అడ్డంగా ఉక్కుతాళ్ళు కట్టి ఉంటాయి. విమానం తోకకింద ఉన్న కొక్కెం ఒక తాడును పట్టుకుంటే విమానం ఆగుతుంది. పట్టుకోకపోతే? ఆ ఫోటోలు కూడా ఆల్బములలో ఉన్నాయి. ముక్కుమీద నిలుచున్న విమానాలు, రెక్క విరిగినవి, అంచునుంచి వేలాడుతున్నవి. ఓడ వెనక మరొక చిన్న ఓడ, నీళ్ళలో పడినవాళ్ళను ఎత్తడానికని వెన్నంటి వచ్చేది.

ఇన్ని ప్రమాదాలను ఫోటో తీయడం ఎందుకు అని అడగవచ్చు. లాంగ్లీ మీద కెన్నెత్ వైటింగ్ అనే అధికారి ఉండేవాడు. దిగే ప్రతి విమానాన్నీ చేతితో తిప్పే సినిమా కెమేరాతో తీయించాలని ఆయన ఏర్పాటు. ఆ చిత్రాలు చూసి తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకునేవారు. తాను ఎగరని వేళల్లో వైటింగు డెక్కు వెనకమూల నిలబడి, దిగుతున్నవాళ్ళను చూస్తూ తనకు తెలియకుండానే చేతులూ ఒళ్ళూ కదిపేవాడు. ఆ కదలికలు పైలట్లకు పనికివచ్చాయి. "అక్కడ ఎప్పుడూ ఒకరు నిలబడి సైగలు చేస్తే బాగుంటుంది" అని వాళ్ళే అడిగారు. అలా పుట్టిందే సైగల అధికారి ఉద్యోగం. పాపం, మొదట దిగిన షెవాలియర్ మాత్రం మూడు వారాలలోపే, నేలమీద జరిగిన మరొక విమానప్రమాదంలో దెబ్బలు తగిలి చనిపోయాడు. అప్పటి పైలట్లు ఎంత సన్నని దారిమీద నడిచారో చూడండి.

ఫోటోగ్రాఫరు పని కూడా తేలిక కాదు. ఊగే ఓడలో, చీకటిగదిలో, తొట్టిలోని మందునీళ్ళు ఒలకకుండా ఫిలిం కడగాలి. నౌకాదళంలో తొలి ఫోటోగ్రాఫరుగా పేరుపొందిన వాల్టర్ రిచర్డ్‌సన్ మొదట అక్కడ వంటవాడు! ఫోటోలంటే అతనికి సరదా. పెన్సకోలా అనే ఊళ్ళో విమానాలను ఫోటోలు తీస్తూ తీస్తూ ఆ పనికే మారిపోయాడు. తరువాత అదే ఊళ్ళో నౌకాదళం ఫోటోగ్రఫీ బడి పెట్టింది.

రెండవ ఓడ లెక్సింగ్టన్. ఇది 1927 డిసెంబరులో పనిలోకి వచ్చింది. పొడవు 888 అడుగులు. విశాఖపట్నం బీచిలో కురుసుర జలాంతర్గామిని చూసినవాళ్ళు మీలో ఉంటారు. అలాంటివి మూడింటిని ఒకదాని వెనక ఒకటి పెడితే లెక్సింగ్టన్ అంత అవుతుంది. దీని యంత్రాలు ముందు విద్యుత్తు పుట్టిస్తాయి. ఆ విద్యుత్తుతో మోటార్లు, మోటార్లతో చుక్కానిముందు తిరిగే పంఖాలు నడుస్తాయి. 1929లో టకోమా నగరంలో వానలు లేక జలాశయం అడుగంటింది. దీపాలు ఆరిపోయే స్థితి వచ్చింది. లెక్సింగ్టన్ రేవులో నిలబడి, ఒక నెలరోజులు ఆ ఊరికి కరెంటు ఇచ్చింది. సుమారు 45 లక్షల యూనిట్లు! యుద్ధపు ఓడ చేసిన పనులన్నిటిలో నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఆల్బములోని ఫోటోలు నలుపు తెలుపులే. కాని నిజానికి ఆ విమానాల రెక్కల పైభాగం పసుపుపచ్చగా ఉండేది. సముద్రంలో పడితే వెతకడానికి వీలుగా ఆ రంగు వేసేవారు. మరి కొన్ని ఫోటోలలో ఆ రెక్కలు నల్లగా ఎందుకున్నాయి? అప్పటి ఒకరకం ఫిలింకు ఎర్రని వెలుగు కనబడదు. పసుపులో ఎరుపూ ఆకుపచ్చా రెండు వెలుగులూ కలిసి ఉంటాయి. అందులో ఎరుపువంతు పోయింది గనక పసుపు నల్లబడింది. చీకటిగదిలో ఎర్రదీపం పెట్టుకుని అలాంటి ఫిలిం కడగగలిగేదీ ఇందుకే.

పేజీలు తిప్పుతూ ఉంటే బట్టలు ఉతుకుతున్నవాళ్ళు, ముష్టియుద్ధం చేస్తున్నవాళ్ళు, భూమధ్యరేఖ దాటేటప్పుడు వరుణదేవుడి వేషం కట్టినవాళ్ళు కనిపిస్తారు. అధికారులకు వడ్డిస్తున్నవాళ్ళ ముఖాలు కూడా చూడండి. వాళ్ళు ఫిలిప్పీన్సువారు, నల్లజాతివారు. ఎంత తెలివి ఉన్నా ఆ రోజుల్లో ఆ ఓడలమీద వాళ్ళకు మరొక పని దాదాపుగా దొరకేది కాదు. ఫోటో తీసినవాడు ఈ మాట రాయలేదు. కెమేరా మాత్రం దాచలేదు.

తరువాత యుద్ధం వచ్చింది. లాంగ్లీ 1942 ఫిబ్రవరిలో జావాకు దక్షిణాన పోయింది. అదే సంవత్సరం మే 8న, కోరల్ సముద్రంలో లెక్సింగ్టన్‌కు నిప్పు అంటుకుంది. 216 మంది చనిపోయారు. రెండువేల ఏడువందలమందికి పైగా బయటపడ్డారు. ఓడ దిగడానికి వంతుకోసం నిలబడి, కొందరు నావికులు కొట్టులోని ఐస్‌క్రీము తెచ్చి, లోహపు టోపీలలో పెట్టుకుని తిన్నారట!

2018 మార్చిలో, మూడు కిలోమీటర్ల లోతున, లెక్సింగ్టన్ దొరికింది. దానితో పాటు విమానాలూ దొరికాయి. అడుగుకు పంపిన కెమేరాకు ఒక విమానం పక్కన ఒక నల్లపిల్లి బొమ్మ కనిపించింది. వత్తి మండుతున్న బాంబు చేతపట్టుకుని పరుగెత్తే పిల్లి. దాని పేరు ఫీలిక్స్. 76 ఏళ్ళు ఉప్పునీళ్ళలో ఉన్నా బొమ్మ చెరగలేదు. 1930 దశాబ్దపు ఫోటోలలో, పసుపురెక్కల విమానాల పక్కన, ఇదే పిల్లి పరుగెడుతూ ఉంటుంది.